‘మళ్ళీ రండి’ అనకూడని బేరం

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మాకు చీరలు అమ్మడం నేర్పలేదు, దణ్ణం పెట్టడం నేర్పారు. రాజమండ్రిలో నాలుగంతస్తుల బట్టల మాల్ అది. ఆ కంపెనీకి ఇలాంటివి ఊరూరా ఉన్నాయి. పై ఆఫీసు నుంచి వచ్చిన ఒకావిడ మమ్మల్ని పన్నెండు మందిని వరసగా నిలబెట్టి, చేతులు గుండెలకి ఎదురుగా రావాలనీ, మోచేతులు బయటికి పొడుచుకు రాకూడదనీ, పళ్ళు కొంచెం కనబడేలా నవ్వి “మళ్ళీ రండి” అనాలనీ చెప్పింది. “మళ్ళీ రండమ్మా” అన్నా తప్పేనట. ఊరూరా ఒకటే మాట ఉండాలట. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టేదాకా మా చేత అదే అనిపించింది.

నాకు నవ్వొచ్చింది. నేను మొగల్తూరు దగ్గర చేపలమ్మే ఇంట్లో పుట్టినదాన్ని. మా అమ్మ గంప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ధర అడిగి మూతి తిప్పుకునేవాళ్ళని “ఎల్లండెల్లండి, మీరేం తింటారు చేపలు!” అని తరిమేది. వాళ్ళే నాలుగడుగులు వేసి తిరిగొచ్చి కొనుక్కునేవారు. ఆవిడ కూతురు ఏసీలో నిలబడి దణ్ణాలు పెడుతోందంటే ఆ ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

నిలబడి అన్నాను కదా, అదీ చెప్పాలి. పొద్దున్న పది నుంచి షట్టర్ దించేదాకా కూర్చోకూడదు. కౌంటర్ వెనక కుర్చీ ఉండదు, స్టూలు ఉండదు. బేరం లేకపోయినా నిలబడే ఉండాలి. మా అమ్మ ఒకసారి చూడ్డానికొచ్చి, గాజు తలుపులూ, దీపాలూ, ఒకే రంగు చీరల్లో ఉన్న మమ్మల్నందరినీ ఎగాదిగా చూసి, “ఏంటే, ఇంత కొట్టు కట్టినోడికి ఒక పీట దొరకలేదా?” అంది. పక్కనున్న అమ్మాయిలందరూ పక్కకి తిరిగి నవ్వుకున్నారు. సాయంత్రానికి కాళ్ళు పీక్కుపోయి ఏడుపొచ్చేది కానీ, మా ఆయన పనిచేసే రొయ్యల చెరువుల సంగతి రెండు పంటల నుంచీ బాగాలేదు. నా ఉద్యోగం పోతే ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలియని రోజులు.

నన్ను రెండో అంతస్తులో వేశారు. నేతచీరలు, పంచెలు, తువ్వాళ్ళు ఉండే సెక్షన్. పెళ్ళివాళ్ళు పట్టుచీరల కోసం నేరుగా మూడో అంతస్తుకి ఎక్కేసేవారు. మా దగ్గరికి వచ్చేది అన్నవరం వ్రతానికి పంచెల చాపు కావలసినవాళ్ళు, రోజూ కట్టుకోవడానికి చీరలు కావలసినవాళ్ళు, ఇంకా నేను చెప్పబోయేవాళ్ళు.

ఆ కౌంటర్‌లో నాకు పని నేర్పినాయన్ని నేను బాబాయ్ గారు అని పిలిచేదాన్ని. అప్పటికి ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. బజార్లో ఒక పాత బట్టల కొట్లో ముప్ఫయ్యేళ్ళు పరుపు మీద కూర్చుని అమ్మిన మనిషి. మా మాల్ వచ్చిన రెండేళ్ళకి ఆ కొట్టు మూతపడింది. దాన్ని మూయించిన చోటికే ఆయన పనికొచ్చారు. అదేంటని అడిగితే “ఇంకో కొట్టు మిగల్లేదు కదమ్మా” అన్నారు, అంతే. దవళేశ్వరం నుంచి ఆటోలో వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో చిన్న దువ్వెన, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం.

“కళ్ళు మూసుకో అమ్మాయ్” అనేవారు. మూసుకుంటే నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చీర కొంగు పెట్టేవారు. “ఏంటిది?”

“నూలేనండి.”

“నీ మొహం. జారుతోంది చూడు. మళ్ళీ పట్టుకో.”

అలా పట్టుకుని పట్టుకుని, బండారులంక నేతకీ మిల్లు బట్టకీ తేడా నా వేళ్ళకి తెలిసిపోయింది. కాళ్ళ సంగతి కూడా ఆయనే నేర్పారు. “బరువంతా ఒక కాలి మీద వెయ్యి, రెండోదానికి సెలవియ్యి. తర్వాత దీనికియ్యి. రెండూ ఒకేసారి పనిచేస్తే రెండూ ఒకేసారి చస్తాయి” అనేవారు. ఈ రోజుకీ అలాగే నిలబడతాను.

ఆయన నేర్పిన ఇంకో సంగతి వల్లే ఇదంతా రాస్తున్నాను. చావింటి నుంచి వచ్చిన బేరం ఎలా చెయ్యాలో ఆయన నేర్పారు.

బట్టల కొట్టుకి పెళ్ళీ వస్తుంది, చావూ వస్తుంది. పోయినవాళ్ళ మీద కప్పడానికి కొత్త బట్ట కావాలి. భర్త పోయిన ఆడదానికి పదో రోజున పుట్టింటివాళ్ళు చీర పట్టుకెళ్ళాలి. పెద్దకర్మకి పంచెలు కావాలి. “చావుకొచ్చినవాళ్ళు రంగు అడగరమ్మా, ‘ఏదో ఒకటి ఇయ్యండి’ అంటారు. ఆ మాట వినగానే నీకు తెలిసిపోవాలి” అన్నారాయన. తెలిశాక పది చీరలు పరచకూడదు. ఒక్కటి, మంచిది, మనమే ఎంచి ఇవ్వాలి. ఇంకేమైనా చూపించమంటారా అనకూడదు. మా సంచి మీద నవ్వుతున్న పెళ్ళికూతురి బొమ్మ ఉంటుంది. ఆయన ఆ సంచిని తిరగేసి, బొమ్మ లోపలికి పోయేలా చేసి, అందులో చీర పెట్టేవారు. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు వెళ్ళేటప్పుడు ‘మళ్ళీ రండి’ అనకూడదు. చావింటికి పలకరించడానికి వెళ్ళినవాళ్ళు ‘వెళ్ళొస్తాం’ అనకుండా లేచిపోతారు కదా, అలాగే మనమూ మాటాడకుండా పంపెయ్యాలి.

పాత కొట్లో ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. షావుకారు నుంచి కుట్టుపనివాడి దాకా అందరికీ తెలుసు. మా మాల్‌లో తెలియాల్సింది కెమెరాకి. దానికి తెలియదు. ప్రతి కౌంటర్ మీదా ఒక నల్లకన్ను ఉంటుంది. అందులో కనబడేదంతా ఎక్కడో వేరే ఊళ్ళో కూర్చుని చూసి, దణ్ణం పెట్టనివాళ్ళ పేర్లు, కూర్చున్నవాళ్ళ పేర్లు, ఆవులించినవాళ్ళ పేర్లు రాసి సోమవారం సోమవారం కాగితం పంపుతారు. ఏ తప్పయినా సరే, ఏడాదిలో మూడు తప్పులైతే ఉద్యోగం ఉండదు.

బాబాయ్ గారికి సంక్రాంతి వెళ్ళిన నెలలో ఒకటి వచ్చింది. ఎండల్లో రెండోది వచ్చింది. రెండూ చావింటి బేరాలే.

“ఆ రెండు ముక్కలూ అనేస్తే పోయేదేముందండీ బాబాయ్ గారూ?” అన్నాను నేను. నిజంగా కోపమొచ్చే అన్నాను.

“మళ్ళీ రండి అంటే ఏంటమ్మా అర్థం? వాళ్ళింట్లో మళ్ళీ ఎవరు పోవాలని?”

“వాళ్ళు ఆ బాధలో వింటారా ఏంటి?”

“వింటారు. ఆ రోజు విన్నవన్నీ జన్మంతా గుర్తుంటాయి” అన్నారు.

నా భయం ఆయన కోసమే కాదు, వాళ్ళావిడ కోసం కూడా. ఆవిణ్ణి పిన్నిగారు అనేదాన్ని. వాళ్ళకి పిల్లల్లేరు. నేను కనబడితే చాలు “ఏమ్మా, ఈయన కొట్లో కూడా ఇలాగే సతాయిస్తారా?” అనేది. రెండుసార్లు నాకు దబ్బకాయ ఊరగాయ పంపింది. ఆవిడకి గుండెలో వాల్వు పాడైంది. మా ఉద్యోగంతో పాటు ఇంటిల్లిపాదికీ ఒక ఆసుపత్రి కార్డు ఇస్తారు. దాని మీదే ఆవిడకి మందులు, పరీక్షలు. వినాయకచవితి వెళ్ళాక ఆపరేషన్ చేస్తామని డాక్టరు చెప్పారు. ఉద్యోగం పోతే కార్డు పోతుంది. ఈ సంగతి ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

ఆషాఢం వచ్చింది. ఆషాఢం సేల్ అంటే మాకు తిరునాళ్ళే. మైకు, పాటలు, తోపులాట, చీర కోసం ఇద్దరు ఆడవాళ్ళు రెండు కొంగులూ పట్టుకుని లాక్కోవడం. ఆ గోలలో ఒకాయన, వెనకాల ఆయన భార్య, మా కౌంటర్ దగ్గరికి వచ్చారు. ఆయన చొక్కా గుండీలు ఒకదానిది ఒకదానికి పెట్టుకున్నాడు.

“ఏదో ఒక చీర ఇయ్యండి” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “మా చెల్లెలికండీ. రేపు పదో రోజు” అన్నాడు.

నేను బాబాయ్ గారి పక్కనే ఉన్నాను. చెయ్యి చాపితే తగిలేంత దూరం. ప్రతి ముక్కా విన్నాను. ఆయన ఒక్క చీర తీశారు, బూడిదరంగులో సన్నంచు. సంచి తిరగేశారు. వాళ్ళు బిల్లు కట్టి వెళ్ళిపోతుంటే ఆయన చేతులు కిందికే ఉన్నాయి. నా చేతులూ కిందికే ఉన్నాయి. ఆ అన్నగారు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, తలూపి వెళ్ళాడు. బాబాయ్ గారు కూడా తలూపారు.

సోమవారం కాగితం వచ్చింది. ఆయనకి మూడోది. నేను ఒక చీరల దొంతర చాటున ఉండటంతో కెమెరాలో సరిగా పడలేదు, నా పేరు రాలేదు.

మేనేజరు చిన్నవాడే, విశాఖపట్నం వైపు నుంచి వచ్చాడు. చెడ్డవాడని మాత్రం అనను. మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి, “సార్, మీరు పెద్దవారు. మిమ్మల్ని పంపాలని నాకేం లేదు. వాళ్ళు చావింటి నుంచి వచ్చారని పక్కనున్నవాళ్ళు ఎవరైనా రాసిస్తే పై ఆఫీసుకి పంపుతాను. కెమెరాలో మాటలు వినబడవు కదా” అన్నాడు. అని నా వైపు తిరిగాడు. “మీరు పక్కనే ఉన్నారా? విన్నారా?”

నా మీద అప్పటికే రెండున్నాయి. పెళ్ళిళ్ళ నెలలో కాళ్ళు ఆగక బట్టల మూట మీద కూలబడినందుకు ఒకటి, ఒకావిడ ఎదురుగా ఆవులించినందుకు ఒకటి. విన్నానని రాస్తే, పక్కనే ఉండి నువ్వెందుకు దణ్ణం పెట్టలేదని అడుగుతారు. పైవాళ్ళు మా మాట ఒప్పుకుంటే ఇద్దరం ఉంటాం, ఒప్పుకోకపోతే ఇద్దరం పోతాం. ఒప్పుకునేవారేమో, ఇప్పటికీ నాకు తెలియదు. అప్పుడు ఇంత లెక్క వేశానని కూడా చెప్పలేను. నోరు దానంతటదే అనేసింది.

“లేదండి. అటు తిరిగి తువ్వాళ్ళు సర్దుతున్నాను. వినపళ్ళేదండి.”

బాబాయ్ గారు నా వైపు చూశారు. ఒక్కసారే. తర్వాత మేనేజరుతో, “అవునండి, అమ్మాయి అటుంది” అన్నారు.

ఛీ, నా బతుకు! ఆయన నన్ను అబద్ధాలకోరు అని తిట్టినా బాగుండేది. నా అబద్ధానికి ఆయన సాక్ష్యం చెప్పారు. ఆ పూటే మెళ్ళో ఉన్న ఉద్యోగం కార్డు తీసి ఇచ్చేశారు. టీ తాగే గ్లాసు కడిగి బోర్లించారు. నేను బీరువాలో చీరలు సర్దుతున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడ్డాను. నా వెనక నుంచి వెళ్తూ “కాళ్ళు జాగ్రత్తమ్మా” అన్నారు. నేను తిరిగి చూడలేదు.

దవళేశ్వరం ఎంత దూరమని? ఆటో ఎక్కితే అరగంట కూడా పట్టదు. నేను వెళ్ళలేదు. సెలవు రోజు పొద్దున్నే వెళ్దామనుకుని తల దువ్వుకుని, పూలు కూడా పెట్టుకుని, చివరికి మంచమ్మీద కూర్చుండిపోయేదాన్ని. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? పిన్నిగారు గుమ్మంలోకొచ్చి “ఏమ్మా” అంటే ఏం చెప్పను? వినాయకచవితి వెళ్ళింది, దసరా వెళ్ళింది. ఆపరేషన్ అయ్యిందో లేదో కనుక్కోవడానికి ఫోన్ కూడా చెయ్యలేదు. అయ్యే ఉంటుందిలే, ఏదో ఒక దారి చూసుకునే ఉంటారులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి నేను పెట్టుకున్న పేరు అది.

కార్తీకం వెళ్ళిన తర్వాత, ఒక బుధవారం, పొద్దున్న పదకొండు దాటి ఉంటుంది. కొట్టు ఖాళీగా ఉంది. మెట్ల వైపు చూస్తే బాబాయ్ గారు వస్తున్నారు. గడ్డం మాసిపోయి ఉంది. ఇస్త్రీ లేని చొక్కా, భుజం మీద తువ్వాలు. ఆయన కౌంటర్ దగ్గరికి రాలేదు. ఒక బార దూరంలో ఆగిపోయారు. ఆ ఆగడం చూసే నాకు అర్థమైపోయింది, మైలలో ఉన్నారని.

“మీ పిన్ని వెళ్ళిపోయిందమ్మా” అన్నారు.

“ఆపరేషన్...” అన్నాను.

“పెద్దాసుపత్రిలో రాయించానమ్మా. వరసలో చాలామంది ఉన్నారు పాపం. ఇదిగో అదిగో అంటుండగానే...” అని ఆగారు. “ముత్తయిదువగా పోయింది. ఎల్లుండి పదకొండో రోజు. ఒక ముత్తయిదువకి చీర పెట్టాలి. మా బావమరిది తెస్తానన్నాడు. చీర తేవడానికి నేనుండగా ఇంకొకళ్ళెందుకు అన్నాను.”

ఆసుపత్రి కార్డు ఉంటే బతికేదని ఆయన అనలేదు. వాళ్ళ వాళ్ళెవరైనా అన్నారేమో నాకు తెలియదు. నేను మాత్రం రోజూ అనుకుంటాను. ఉంటే ఆ వరసలో నిలబడే పని ఉండేది కాదు కదా అనుకుంటాను.

“బాబాయ్ గారూ, ఆ రోజు నేను విన్నానండి. అంతా విన్నాను. కానీ...” అని మొదలుపెట్టాను.

“పసుపు రంగులో చూడమ్మా, ఎర్రంచుది” అన్నారాయన.

నాలుగు తీశాను. అలవాటు కొద్దీ ఆయన వైపు జరిపాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. “మైల కదమ్మా, నేను ముట్టుకోకూడదు. నువ్వే చూడు. నీకొచ్చు కదా.”

ముప్ఫయ్యేళ్ళు గుడ్డ పట్టుకుని చెప్పిన మనిషి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను కళ్ళు మూసుకున్నాను. ఒక్కొక్క కొంగూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చూశాను. కళ్ళు మూసుకున్నా నీళ్ళు ఆగలేదు. మూడోది మంచి నేత, మెత్తగా, వేళ్ళకి నిలిచింది.

“ఇదండి.”

“నీళ్ళకి ఆగుతుందా?”

“ఆగుతుందండి.”

“అయితే అదే ఇచ్చెయ్యి. మీ పిన్నికి రంగు పోయే చీరంటే మంట” అన్నారు. కొంచెం నవ్వబోయి మానేశారు.

మడతపెట్టాను. సంచి తిరగేసి, నవ్వుతున్న పెళ్ళికూతుర్ని లోపలికి నెట్టి, చీర పెట్టాను. ఆయన అది చూసి తలూపారు. బిల్లు నేనే దగ్గరుండి చేయించి, సంచి చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాను, ఆయన తీసుకున్నారు. మెట్ల దాకా వెంట వెళ్ళాను. ఈసారి అనకూడదని, ఏమైనా సరే అననే అననని గట్టిగా అనుకున్నాను. నా మీద అప్పటికే రెండున్నాయి, మూడోది పడి ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. అదైనా చెయ్యకపోతే నేను మనిషినేనా?

మెట్ల పక్కన మేనేజరు, అతని పక్కన పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినావిడ ఉన్నారు. నాకు మొదటి రోజు దణ్ణం నేర్పినావిడే. చేతిలో ట్యాబ్ పట్టుకుని మా వైపే చూస్తోంది. మేనేజరు ఆయన్ని గుర్తుపట్టి ఇబ్బందిగా కదిలాడు.

నేను చేతులు కిందికి పెట్టుకుని నిలబడ్డాను. బాబాయ్ గారు వాళ్ళని చూశారు. నన్ను చూశారు. నా చేతులు చూశారు.

“అనమ్మా” అన్నారు మెల్లగా. “చూస్తున్నారు.”

“అననండి.”

“పిచ్చిపిల్లా, ఇద్దరు పిల్లలున్నదానివి. అనేయ్. నాకేం కాదు. ఇంక మా ఇంట్లో పోవడానికి ఎవరున్నారు, నేను తప్ప?”

ఆవిడ ట్యాబ్ మీద వేలు పెట్టింది. నా చేతులు లేచాయి. గుండెలకి ఎదురుగా, మోచేతులు బయటికి రాకుండా, పళ్ళు కొంచెం కనబడేలా.

“మళ్ళీ రండి” అన్నాను.

ఆయన తలూపి, సంచి గుండెకి ఆనించుకుని, రెయిలింగ్ ముట్టుకోకుండా ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయారు. సోమవారం కాగితం వచ్చింది. అందులో నా పేరు లేదు.